తమ్ముడి తరఫున

“ఆయాసంగా ఉందా అండీ?” ట్రెడ్‌మిల్ మీద నడుస్తున్న వాచీ రిపేరు మనిషిని వ్యాయామం నేర్పే అమ్మాయి అడిగింది.

“వాడికి చిన్నప్పట్నుంచీ ఆయాసమేనమ్మా,” అంది పక్కన నిలబడ్డ అతని అక్క.

తమ్ముడి వెన్నెముక పక్కకు వంగి ఊపిరితిత్తులను నొక్కేస్తోంది. మిగిలిన కాస్త మాటనూ నలభై ఏళ్లుగా అక్క నొక్కేస్తోంది.

“ఆయన్ని చెప్పనివ్వండి. నడుస్తూ రెండు ముక్కలు మాట్లాడగలిగితేనే వేగం సరిపోయినట్టు. కాళ్లు నొప్పిగా ఉన్నాయా సార్?”

“ఎందుకుంటాయి? రాత్రి నేనే నూనె రాశాను.”

అమ్మాయి అక్కను పక్క ట్రెడ్‌మిల్ ఎక్కించి వేగం పెంచింది. కాసేపటికే అక్క రొప్పడం మొదలుపెట్టింది. గదిలో ఆమె మాట వినపడటం ఆగిపోయింది.

“ఇప్పుడు చెప్పండి సార్. ఈ వ్యాయామం దేనికోసం?”

“మా కొట్టు పైన... గది ఖాళీగా ఉంది.” తమ్ముడు ఊపిరి తీసుకున్నాడు. “మెట్లెక్కగలిగితే... అక్కడ ఒక్కణ్ణే ఉంటాను.”

“వీడికి... మతి...” అక్కకు మిగతా మాట అందలేదు. “ఆపమ్మా దీన్ని!”

“ఎర్ర బటన్ మీ చేతి దగ్గరే ఉందండీ.”

అక్క నొక్కింది. దమ్ము తిరిగొచ్చింది. అన్నం ఎవరు పెడతారు, మెట్ల మీద పడితే ఎవరు చూస్తారు, అన్నీ నాలుక చివరే ఉన్నాయి. తమ్ముడు తలెత్తకుండా నడుస్తూనే ఉన్నాడు.

“ఆ గదికి కిటికీ ఉందట్రా?”

అడిగి, వాడికి ఊపిరి అందేదాకా అక్క ఆగింది.