గేటు బయట స్కోరు

భారత్ ఓడిపోతే శ్రీహరి కొంప మునుగుతుంది.

ఏలూరులో ప్యాసింజరు ఎక్కిన దగ్గర్నుంచీ అతను ఫోను మీంచి తల ఎత్తలేదు. యూరప్‌లో ఎక్కడో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలు జరుగుతున్నాయి. మన బ్యాడ్మింటన్ జట్టు క్వార్టర్ ఫైనల్ ఆడుతోంది. టీవీలో రాదు. పేపర్లో నాలుగు లైన్లు వస్తే గొప్ప. భీమడోలు దాటాక స్కోరు వచ్చింది. మనవాళ్ళు గెలిచారు. శ్రీహరి పక్క సీటాయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"ఉద్యోగం వచ్చిందాండీ?" అన్నాడాయన.

"సెమీఫైనల్ వచ్చిందండీ. అంటే రేపు కూడా వెళ్ళచ్చు."

ఆ ఆటల కోసం అంత ఆత్రపడినవాడు దేశం మొత్తం మీద ఇంకొకడు ఉండడు. అందులో దేశభక్తి పాలు ఎంతో శ్రీహరిని అడక్కూడదు.

తాడేపల్లిగూడెంలో బాపిరాజు మాస్టారి ఇల్లు స్టేషనుకి దగ్గరే. ఆయన ఏలూరు స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. శ్రీహరి ఆయన శిష్యుడు. కడుపునొప్పని చెప్పి డ్రిల్లు పీరియడు ఎగ్గొట్టిన శిష్యుడు. 'మాస్టారూ' అన్న పిలుపు అప్పటిది. ఈమధ్య నలుగురూ మార్చుకోమంటున్నా నోరు తిరగడం లేదు. మాస్టారు మాత్రం మారారు. 'ఒరేయ్' అంటూ వెంటపడి పరుగెత్తించిన మనిషి ఇప్పుడు 'మీరు' అంటున్నారు.

అంత మర్యాదా చేస్తారు గానీ, గేటు తియ్యరు.

గేటుకి అవతల మాస్టారి కుర్చీ. ఇవతల, రోడ్డు మీద శ్రీహరి.

"ఏం బాబూ, ఏమైంది?"

"మూడు ఒకటి మాస్టారూ. డబుల్స్‌లో మన అమ్మాయిలు ఉన్నారు చూడండీ..."

చెబుతున్నది మాస్టారికి. చూస్తున్నది గుమ్మం వైపు. మూడో గేము మధ్యలో ఉండగా మాస్టారి అమ్మాయి హిమబిందు కాఫీ గ్లాసుతో వచ్చింది. గోరింటాకుతో ఎర్రగా పండిన చెయ్యి గేటు మీంచి ఇవతలికి వచ్చింది. శ్రీహరి స్కోరు మరిచిపోయాడు.

"చల్లారిపోతుంది," అంది బిందు.

"చల్లారనీ. తాగేస్తే గ్లాసు ఇచ్చెయ్యాలి."

వంటింటి కిటికీలోంచి వాళ్ళమ్మ వెంకటనరసమ్మ గొంతు వినిపించింది. "బిందూ, గ్లాసిచ్చాక ఇంక అక్కడేం పని?"

ఆవిడ గొంతే గానీ మనిషి కనిపించదు. శ్రీహరి వచ్చాడంటే చాలు, కిటికీ రెక్క దగ్గరికి లాగేసుకుంటుంది.

మర్నాడు వాన దంచేసింది. శ్రీహరి తడిసి ముద్దయ్యాడు. పైగా మనవాళ్ళు సెమీఫైనల్లో ఓడిపోయారు.

"అమ్మా, వసారాలోకైనా రానీవే," అంది బిందు.

"వానైనా వరదైనా వీల్లేదంటే వీల్లేదు," అంది కిటికీ. "ఏమీ అనుకోకండి బాబూ. గొడుగియ్యవే."

ఎదురింటి రాజ్యం అరుగు మీద కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తోంది. "ఎన్నాళ్ళు బాబూ ఈ రోడ్డు మీద కాపరం?"

"ఆటలు అయ్యేదాకానండీ," అన్నాడు శ్రీహరి, గొడుగు కింద తుమ్ముతూ.

ఏలూరులో శ్రీహరి వాళ్ళమ్మ సంగతి ఇంకోలా ఉంది. గూడెం వైపు వెళ్ళాడని తెలిస్తే ఊరుకోనని ముందే చెప్పింది. అందుకని కలెక్టరేట్‌లో ఫైళ్ళు పేరుకుపోయాయని చెప్పాడు. తడిసిన చొక్కా చూసి, "మీ ఆఫీసులో కప్పు కారుతోందిరా?" అంది.

బ్యాడ్మింటన్‌కి కాంస్యం వచ్చింది. ఆటగాళ్ళు నవ్వుతూ ఫొటోలు దిగారు. శ్రీహరికి మాత్రం అన్నం సయించలేదు. ఇంక ఏ సాకుతో వెళ్ళడం? వెతగ్గా వెతగ్గా రోయింగ్ కనిపించింది. పడవ పందేలు.

అది బాగా కలిసొచ్చింది. మాస్టారు పుట్టింది కొల్లేటి లంకలో. చిన్నప్పుడు దోనె మీదే బడికి వెళ్ళారు.

"మనవాళ్ళు ఎన్నో స్థానంలో వచ్చారు బాబూ?"

"ఆఖర్నుంచి రెండోదండీ."

"తెడ్డు మరీ లోతుకి దించుంటారు. ఇదిగో, ఇలా వెయ్యాలి," అంటూ ఆయన కుర్చీలో కూర్చునే ఊగడం మొదలుపెట్టారు. కుర్చీ కొల్లేరు దాటేసరికి చీకటి పడింది. అప్పటిదాకా బిందు తులసికోటకి రెండోసారి, మూడోసారి నీళ్ళు పోస్తూనే ఉంది.

ఆ తర్వాత విలువిద్య, పరుగుపందెం, ఈత. ఏ ఆటలో ఎన్ని పాయింట్లో రైల్లో చదవడం, గేటు దగ్గర అప్పజెప్పడం. చదువుకునే రోజుల్లో ఇంత శ్రద్ధ ఉంటే శ్రీహరి కలెక్టరేట్‌లో ఇంకో గదిలో కూర్చునేవాడు.

"ఇంత దూరం పడి రావడం దేనికి బాబూ? ఫోన్లో చెప్పెయ్యచ్చుగా," అన్నారు మాస్టారు ఒకరోజు.

"ఫోన్లో చెబితే ఊపు తెలీదండీ."

మాస్టారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

ఆఖరిరోజు రానే వచ్చింది. శ్రీహరి కాళ్ళీడ్చుకుంటూ వచ్చి గేటు పట్టుకున్నాడు. రిలే పరుగులో మనవాళ్ళకి ఏమైందో రెండు ముక్కల్లో చెప్పేశాడు.

"మరి రేపేముంది?" అన్నారు మాస్టారు.

"ఏమీ లేదండీ. జెండా దించేశారు."

బిందు కాఫీ గ్లాసు మీద మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. ఎదురరుగు మీద రాజ్యం కత్తిపీట పక్కన పెట్టి మరీ చూస్తోంది.

అప్పుడు కిటికీ రెక్క వెనకనుంచి వెంకటనరసమ్మ నవ్వు ఆపుకుంటూ అంది. "జెండాతోపాటు ఆషాఢం కూడా ఇవాళ్టితో సరి అల్లుడుగారూ, రేపు మీ అమ్మగారికి చెప్పి మరీ వచ్చి, మా ఇంట్లో మీ ఆవిడ పక్కన కూర్చుని వేడివేడిగా తాగండి కాఫీ."