కందిరీగ ఒప్పుకోలేదు

“ఒప్పుకోను” అని టైపు చేసి, కందిరీగ కుర్చీలో వెనక్కి వాలింది. ప్రాణం హాయిగా ఉంది.

వెబ్‌సైట్లు కట్టుకోడానికి ఎక్కడెక్కడివాళ్లో కలిసి ఆన్‌లైన్‌లో రాసుకునే ఓ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో ఎవరు ఏ మార్పు చేర్చాలన్నా ఆమె సరేననాలి. అక్కడ ఆమెకున్న పేరు కందిరీగ ఒక్కటే. ఆడో మగో కూడా ఎవరికీ తెలియదు. ఇప్పుడు మార్పు పంపినాయన మాత్రం సొంత పేరుతో, టై కట్టుకున్న ఫొటోతో సహా వచ్చి దొరికిపోయాడు.

ఆయన పంపిన కోడ్ చిన్నదే. ప్రోగ్రామింగ్ భాషలోకి కొత్త డేటా రకాలు వచ్చాయి. వాటిని వెబ్‌లో సమాచారం పంపుకునే జేసన్ రూపంలోకి మార్చమంటే ఫ్రేమ్‌వర్క్ చేతులెత్తేస్తోంది. కొత్త రకం ఏది కనబడినా అక్షరాలుగా మార్చి పంపేస్తే సరిపోతుందని ఈ మహానుభావుడి ఉపాయం.

పోయిన నెల ఆయన తన టీముతో బల్ల చుట్టూ కూర్చుని ఇదే చర్చిస్తుంటే, ఆమె ఉండబట్టలేక నోరు విప్పింది.

“అన్నిటినీ అక్షరాలు చేసేస్తే, అంకె ఏదో తేదీ ఏదో అవతలివాళ్లకి ఎలా తెలుస్తుందండీ?”

“ఇవన్నీ నీకెందుకు? వెళ్లి అందరికీ కాఫీ తీసుకురా” అన్నాడాయన. టీమంతా పగలబడి నవ్వింది. ట్రేతో తిరిగొచ్చేసరికి కూడా ఆ నవ్వులు ఆగకపోవడం ఆమెకింకా గుర్తుంది.

అందుకే ఇప్పుడు కసి తీరా ఆడిస్తోంది. మొదట అదే ప్రశ్న వేసి తిప్పికొట్టింది. ఆయన కిందా మీదా పడి దిద్దాడు. ఒక్కో రకానికీ పరీక్షలు రాయమంది. రాశాడు. పేర్లు బాగాలేవంది. మార్చాడు. నిజానికి ఇప్పుడా కోడ్‌లో వంక పెట్టడానికేమీ లేదు. అయినా ఆమెకు ఒప్పుకోబుద్ధి కాలేదు.

స్క్రీన్ మీద ఆయన జవాబు వచ్చింది.

“సార్, మీకు దండం పెడతాను. ఇవాళ ఇది చేరకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. ఇంట్లో ఆవిడకి మొహం ఎలా చూపించను?”

కందిరీగ ‘సార్’ అన్న మాటను మళ్లీ చదువుకుంది. తరవాత తీరిగ్గా రాసింది.

“ఇవన్నీ మీకెందుకు? వెళ్లి కాఫీ తాగండి.”

తిరస్కరించే మీట నొక్కింది. ఆయన మళ్లీ రాయడానికి వీల్లేకుండా ఆ చర్చకు తాళం కూడా వేసింది.

పక్కగదిలోంచి ఆమె మొగుడు నీరసంగా కేకేశాడు: “ఏమేవ్, ఎవడో కందిరీగట, మన కొంప ముంచేశాడు... కాస్త కాఫీ పట్రా.”