పావురాల రాణి మీద చంద్రుడు

"చంద్రుణ్ణి ఎవడు పీకేశాడు?"

రెండో విరామం. పెద్దాయన మేనేజరు గది తలుపు దబదబా బాదుతున్నాడు. రెండో చెయ్యి కూతురి భుజమ్మీద ఉంది. ఆ పట్టుకి ఆమె భుజం నొప్పి పుడుతోంది.

"నాన్నా, నెమ్మది. అందరూ మననే చూస్తున్నారు."

"చూడనీ! టిక్కెట్టు కొన్నవాళ్లేగా, వాళ్లకీ తెలియాలి. చంద్రుడు లేకుండా పావురాల రాణి ఏంటే? ఉప్పు లేని కూరలా!"

ఆ థియేటర్లో తలుపుల దగ్గర నిలబడేవాళ్లు ఆయనకి 'మూడో గంట' అని పేరు పెట్టుకున్నారు. బ్యాలే మొదలయ్యే ముందు రెండు గంటలు వాళ్లు కొడితే, మూడోది ఈయన నోరని. అసలాయనకి నచ్చిందంటూ ఏదైనా ఉంటే కదా! పక్క ఊరి కంపెనీ వాళ్లకి ఎగరడమే తెలుసట, దిగడం రాదట. "కాలు దించితే దూది పడ్డట్టుండాలి. వీళ్లు పిండి బస్తాలు దించుతున్నారు" అనేవాడు. ప్రపంచమంతా మెచ్చుకునే పెద్ద కంపెనీ వచ్చి వెళ్తే, డబ్బా ఎక్కువ, డాన్సు తక్కువ అని తేల్చేశాడు. ఇక ఏ కొత్త డైరెక్టరైనా పాత బ్యాలేని బాగుచేస్తానంటే చాలు, ఒంటికాలి మీద లేచేవాడు.

ఒక్క 'పావురాల రాణి'ని మాత్రం పల్లెత్తు మాట అనేవాడు కాదు. ముప్ఫై ఏళ్లు భార్యతో కలిసి వచ్చాడు దానికి. పై బాల్కనీలో, మూల, స్తంభం వెనక రెండు సీట్లు. సగం స్టేజీని ఆ స్తంభమే మింగేస్తుంది. ఊరికే ఇచ్చినా ఎవరూ కూర్చోరక్కడ. ఆయన మాత్రం ఏటా పట్టుబట్టి మరీ అవే తీసుకునేవాడు.

"అక్కడైతే మీ అమ్మ గుసగుసలకి ఎవరూ ఉష్ అనరు" అనేవాడు నవ్వుతూ.

అమ్మ పోయాక ఆయన ఇంట్లో కుర్చీ దిగలేదు. పెడితే తిన్నాడు, లేకపోతే లేదు. ఈ ఏడాది ఆటలన్నిటికీ పాసులు ఇంటికొచ్చిన రోజు మొదటిసారి నోరు విప్పి, "ఇస్త్రీ చొక్కా ఉందటే?" అని అడిగాడు. ఆ ఒక్క మాట కోసం కూతురు ఆఫీసులో అబద్ధమాడింది. పిల్లల్ని అత్తగారికి అప్పజెప్పింది. వచ్చి అమ్మ సీట్లో కూర్చుంది. కూర్చున్నప్పటి నుంచీ తిట్లు తింటూనే ఉంది.

"రాణి వేసే పిల్లకి ఏం రోగమొచ్చింది? చంద్రుడు పైకొస్తుంటే ఆ వెన్నెల్లో దాని చేతులు రెక్కలైపోయేవి. ఇప్పుడేమో చేతులెత్తింది, దించింది. అంతేనా?"

"అంతే నాన్నా! ఉన్నది ఉన్నట్టు చెప్తే నామీద పడతావేంటి?"

తలుపు తెరుచుకుంది. చిరాగ్గా బయటికొచ్చిన మేనేజరు పెద్దాయన్ని చూడగానే గొంతు తగ్గించాడు.

"ఏమైందండీ?"

"చంద్రుణ్ణి ఎందుకు తీసేశారు? డబ్బులు మిగుల్చుకుందామనా?"

"ఈ బ్యాలేలో చంద్రుడు లేడు సార్. వెనకాల బూడిద రంగు తెర ఒక్కటే. నేను చేరకముందు నుంచీ అదే."

"నాకు చెప్తున్నావా? చెరువు అవతల నుంచి వస్తాడు. ముందు ఎర్రగా, తర్వాత తెల్లగా. నీళ్లలో ముక్కలు ముక్కలై ఊగుతాడు. వాణ్ణి తొక్కకుండా రాణి వేళ్ల మీద దాటుకుంటూ పోతుంది. అవునా, కాదా?"

మేనేజరు బిక్కమొహం వేశాడు. "చెరువు కూడా లేదు సార్."

"మరి ఆ పాత రాణి ఏది?"

"ఆవిడే సార్ ఇవాళ వేస్తోంది. ఎన్నో ఏళ్లుగా ఆవిడే."

"అందరూ కలిసి నన్ను పిచ్చోణ్ణి చేస్తారా!" పెద్దాయన జేబులోంచి పాసులు లాగి అతని గుండె మీదికి నెట్టాడు. "ఉంచుకో! మళ్లీ ఈ గడప తొక్కితే చెప్పు తీసుకుని కొట్టు."

పాసులు పోతే మళ్లీ ఆ కుర్చీయే. ఈసారి కూర్చుంటే ఇక లేవడు. కూతురు మేనేజరు చేతిలోంచి వాటిని లాక్కుంది.

"ఇంకో అంకముంది. అదయ్యాక నీ ఇష్టం."

"అందులో చంద్రుడు మునుగుతాడు. అదీ లేకపోతే?"

"లేకపోతే నేనే కొడతా చెప్పుతో, వీళ్లందర్నీ!"

మెట్లెక్కుతుంటే ఆమెకి అందరి మీదా కోపమొచ్చింది. మేనేజరు మీద, తండ్రి మీద, అందరికన్నా ఎక్కువగా అమ్మ మీద. ఏం చెప్పి ఈయన్ని ఇలా పాడుచేశావమ్మా? ఒక్కసారైనా నాతో అని చావచ్చుగా? ముందు ఎర్రగా, తర్వాత తెల్లగా అట! ఎలా వస్తాయమ్మా నీకా మాటలు?

సగం మెట్ల మీద ఆమె టక్కున ఆగిపోయింది.

"ఏమైందే?"

"ఏం లేదు. పద."

తెర లేచింది. వెనకాల మేనేజరు చెప్పిన బూడిద రంగే. రాణి వచ్చింది. చేతులెత్తింది. దించింది. పెద్దాయన పళ్లు నూరుతున్నాడు.

"ఉన్నాడా?"

ఆమె ఆ బూడిద రంగు తెరనే చూస్తోంది.

"నిన్నేనే! ఉన్నాడా, చచ్చాడా?"

"ఉన్నాడు నాన్నా. నువ్వు అరిచిన అరుపులకి దడుచుకుని పెట్టేశారు." ఆమె అమ్మ సీట్లోంచి ఆయన వైపు వంగింది. "తెల్లగా ఉన్నాడు. చెరువులోకి దిగుతున్నాడు. నీళ్లలో ముక్కలవుతున్నాడు. రాణి వాణ్ణి తొక్కకుండా... వేళ్ల మీద..."

"అదీ! నాలుగు తిడితే గానీ పని జరగదు ఈ లోకంలో" అని గుర్రుమన్నాడు పెద్దాయన.

ఆపై చెవిని కూతురి నోటికి దగ్గరగా జరిపి, తెల్లకర్రను ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, ఆరో ఏట కళ్లు పోకముందు చూసిన ఆ చంద్రుణ్ణి మళ్లీ చూడసాగాడు.