కొత్త కంప్యూటర్‌లో పాత కార్డు

“అన్నా, మళ్ళీ నెట్‌వర్క్ పోయింది!” పత్రికాఫీసులో కొత్త కంప్యూటర్ ముందు నుంచి జూనియర్ ఆపరేటర్ కేకేసింది.

సీనియర్ ముఖం తిప్పుకున్నాడు. పదేళ్ళుగా పనిచేస్తున్న తనను కాదని, ఆ కొత్త కంప్యూటర్‌ను ఆమెకిచ్చారు. అందులో పాత నెట్‌వర్క్ కార్డు బిగించే పని మాత్రం తనది! కొత్త వేగాన్ని ఆ కార్డు తట్టుకోలేదనీ, సెట్టింగ్స్‌లో తగ్గిస్తే సరిపోతుందనీ అతనికి తెలుసు.

“నాకేం తెలుసమ్మా? నీ కంప్యూటర్, నువ్వే చూసుకో.” కడుపుమంట కాస్త చల్లారింది.

ప్రెస్‌కు పేజీలు అందలేదని మేనేజర్ ఆమెను పిలిచాడు. కళ్ళు తుడుచుకుంటూ తిరిగొచ్చింది.

“తిట్టారా?”

“కార్డు బిగించిందెవరని అడిగారన్నా. నేనేనని చెప్పాను. మీ మీదికి రాకూడదని.”

అతను గబగబా వచ్చి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. వేగం తగ్గించాడు. పేజీలు వెళ్ళిపోయాయి.

“భలే! ఇప్పుడే తట్టిందా అన్నా?”

“లేదమ్మా,” అన్నాడు తలెత్తకుండా. “పొద్దుటి నుంచీ తెలుసు.”