కనుమ ఎక్కేటప్పుడు చప్పుడు

"మళ్ళీ వచ్చిందిరోయ్ మన కారు," అన్నాడు మెకానిక్ గివ్‌మోర్, చేతులకంటిన గ్రీజు గుడ్డకు తుడుచుకుంటూ. "ఇంకో నెలొస్తే దీనికి మనమే పేరు పెట్టి పెంచుకోవాలి."

ముటారే ఊళ్ళోని ఆ కార్ల కంపెనీ షెడ్డులో నలుగురూ నవ్వారు. అంబుయా న్యాముకాపా వినిపించుకోనట్టే కారు దిగింది. ఉడకబెట్టిన వేరుశనక్కాయల సంచి కౌంటరు మీద పెట్టింది. ఇంకా ఆవిరి వస్తోంది.

"చప్పుడు పోలేదా అంబుయా?" అడిగాడు టిచావోనా. షెడ్డుకు కొత్త మేస్త్రీ. హరారే నుంచి ఈమధ్యే బదిలీ మీద వచ్చాడు.

"పోలేదు నాయనా. కనుమ ఎక్కేటప్పుడు టక్ టక్‌మంటుంది. ఎవరో తలుపు కొట్టినట్టు."

"ఈరోజుతో వారంటీ అయిపోతుంది. తెలుసు కదా?"

"తెలిసే వచ్చాను."

భర్త పోయిన ఏడాదికి ఆయన వాళ్ళంతా వచ్చి, ఆనవాయితీ ప్రకారం ఆయన వస్తువులు పంచుకున్నారు. కోటు తమ్ముడికి, గొడ్డలి పెదనాన్న కొడుక్కి, ఫోను మేనల్లుడికి. మేనల్లుడు అందులో ఉన్నవన్నీ చెరిపేసి పాటలు నింపుకున్నాడు. కారు మాత్రం ఆమెకు వదిలారు. ఆయన పోయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో రెండో కప్పు టీ కాగలేదు. చర్చిలో ఆమె అంబుయా, అంటే అవ్వ. దుకాణంలో న్యాముకాపా గారి భార్య. పుట్టింటి వంశం పేరుతో చిహేరా అని పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

టిచావోనా ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని కనుమ పైదాకా పోనిచ్చి వచ్చాడు. ఇంజన్ కడుపునిండిన పిల్లిలా గురగురమంది.

"ఏదీ అంబుయా, చప్పుడు?"

"దీనికి కొత్తవాళ్ళంటే సిగ్గు."

అతను నవ్వాడు కానీ, షెడ్డుకు రాగానే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. "భాగం మార్చి చాలాకాలమైంది. నేను 'తీరింది' అని నొక్కుతాను. కేసు మూసేస్తారు. అందులో దాచినవన్నీ హెడ్డాఫీసు వాళ్ళు తీసేస్తారు."

"'తీరలేదు' అని నొక్కితే?"

"వారంటీ దాటినా కేసు తెరిచే ఉంటుంది. కానీ వినని చప్పుడు విన్నానంటే హరారే వాళ్ళు నా చెవులు మెలిపెడతారు."

ఆమె సంచి అంచును వేళ్ళతో నలిపింది. "అయితే పాత చప్పుడు ఒక్కసారి పెట్టు నాయనా. పోల్చుకుంటే నీకే తెలుస్తుంది."

చప్పుడు చెవిన పడందే హెడ్డాఫీసు ఏ ఫిర్యాదునూ నమ్మదు. అందుకే మొదట్లోనే ఫోనులో రికార్డు చేసి పంపాలి. ఈ కారుదీ భర్త బతికుండగా తన ఫోనులో అలా రికార్డు చేసి పంపిందే. షెడ్డులో సుత్తి దెబ్బల మధ్య వినపడదని, వచ్చినప్పుడల్లా హెడ్‌ఫోన్ ఆమె చేతికిచ్చేవాళ్ళు. ఆమె కళ్ళు మూసుకుని వినేది. "ఇదే. ఇంకా ఉంది," అనేది.

ఈసారీ చెయ్యి చాపింది. టిచావోనా చూసుకోలేదు. హెడ్‌ఫోన్ తన చెవులకే తగిలించుకున్నాడు.

"మొదట్లోనే వచ్చేస్తుంది నాయనా," అంది ఆమె గబగబా. "చివర్లో ఏమీ ఉండదు. తీసెయ్."

"నేనూ అంతే మేస్త్రీ," అన్నాడు గివ్‌మోర్ నోట్లో వేరుశనగపప్పుతో. "రెండు టక్కులు విని తీసేశాను. ఇంజన్ చప్పుడులో కథేముంటుంది?"

టిచావోనా ఆగమన్నట్టు అరచెయ్యి చూపించాడు. పనిలో సగం వినే అలవాటు అతనికి లేదు. అంబుయా దొంగతనం బయటపడే మనిషిలా నేలచూపులు చూసింది.

అతను నెమ్మదిగా హెడ్‌ఫోన్ తీశాడు. ఒక కాయ అందుకుని ఒలిచాడు. తినకుండా అలాగే పట్టుకున్నాడు.

"మూసేద్దామా మేస్త్రీ?" అన్నాడు గివ్‌మోర్.

"వద్దు. చప్పుడు ఉంది. కనుమ మీద నాకూ వినపడింది."

"మీకా? ఏం చప్పుడు?"

"ముందు ఆ నమలడం ఆపితే నీకూ వినపడుతుంది."

'తీరలేదు' అని నొక్కాడు. ఆమె వైపు చూడకుండానే అన్నాడు, "వచ్చే నెల కూడా తీసుకురండి అంబుయా. పోల్చి చూసుకుంటూ ఉండాలి కదా."

హెడ్‌ఫోన్ తుడిచి ఆమె చేతిలో పెట్టి, గివ్‌మోర్‌ను వెంటబెట్టుకుని అవతలి కారు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆమె కళ్ళు మూసుకుంది.

ఇంజన్ టక్ టక్ టక్‌మని కొట్టుకుని ఆగాక, ఎప్పటిలాగే ఆయన చిన్నగా దగ్గి, "విన్నావా, చిహేరా?" అని అడిగాడు.