కెమెరా మీద ఎర్ర లైటు

"యాడ నుంచి చూస్తాండారో చెప్పు చాలు. ఎవరన్నది నాకొద్దు," అన్నాడు సుబ్బయ్య.

తేజేశ్వర్ తలూపి కంప్యూటర్ ముందుకు కుర్చీ లాక్కున్నాడు. కర్నూలు వదిలి కడపలో రిపేరు షాపు పెట్టి మూడు నెలలైంది. ఇంకా ఈగలు తోలుకుంటున్నాడు. ఈయనను మెప్పిస్తే ఈయన బండల ఫ్యాక్టరీలో పది కంప్యూటర్లు బిగించే పని తనదే.

వారం కిందట సుబ్బయ్య వేళకాని వేళ ఇంటికొచ్చాడట. హాల్లో ఎవరూ లేరు. మానిటర్ మీది కెమెరాకు మాత్రం ఎర్ర లైటు వెలుగుతోంది. ఊరి నిండా శత్రువులున్న మనిషి. ఆయన ఇంట్లోకి తొంగిచూసినవాళ్ళు దొరికితే ఏమవుతారో ఊహించకపోవడమే ఆరోగ్యానికి మంచిదనుకున్నాడు తేజేశ్వర్.

ఆయుధపూజనాడు పెట్టిన కుంకుమ ఇంకా మానిటర్ మీద ఉంది. దాని వెనక గోడకు దండ వేసిన పటం. ఇరవై ఏళ్ళ పిల్ల నవ్వుతోంది.

"మా పాప శిల్ప. ఏడాది కిందట కర్మ చేసినాం. నువ్వు పని చూడప్పా," అన్నాడు సుబ్బయ్య.

ఆయన భార్య నాగలక్ష్మమ్మ మజ్జిగ తెచ్చింది. ఇస్తూ సగం కీబోర్డు మీద ఒలకబోసింది.

"నేను కీర్తనలు పెట్టుకునే పెట్టె ఇది. దీంట్లో ఏముంటాదప్పా? అవతల పారేస్తే పోలా?"

పాపం, కంప్యూటర్ వైరస్ అంటే అంటురోగం అనుకుంటోంది కాబోలు. తేజేశ్వర్ నవ్వుకుంటూ కీబోర్డు తుడిచాడు. తన మొహం కనబడకుండా కెమెరాను వంటింటి వైపు తిప్పిపెట్టాడు.

సరిగ్గా పదకొండుకు ఎర్ర లైటు వెలిగింది.

ఎవరో బయటినుంచి కంప్యూటర్లోకి వచ్చారు. తేజేశ్వర్ వేళ్ళు కీబోర్డు మీద పరుగెత్తాయి. వంటింటి గుమ్మంలో నాగలక్ష్మమ్మ ఈగలు తోలుతున్నట్టు చేయి ఊపుతోంది.

అరనిమిషంలో లైటు ఆరిపోయింది. అప్పటికే అవతలి కంప్యూటర్ పేరు తెర మీద నిలిచింది. అది చూసి తేజేశ్వర్ ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"అన్నా! ఇది నందికొట్కూరు నెట్ సెంటర్, నాలుగో కేబిన్. కర్నూల్లో ఉన్నప్పుడు నేను బిగించిందే. ఈ పేరు పెట్టింది కూడా నేనే!"

వెంటనే ఆ సెంటర్ నడిపే గిడ్డయ్యకు ఫోన్ చేశాడు.

"నాలుగో కేబినా? రోజూ పదకొండుకు వచ్చే గిరాకీనే," అన్నాడు గిడ్డయ్య. "మా వెనక వీధిలో, నీళ్ళ ట్యాంకు పక్క ఇంట్లో బాడుగకుండారు."

తేజేశ్వర్ ఆ మాటలు పొల్లుపోకుండా అప్పజెప్పాడు. సుబ్బయ్య సంతోషించలేదు, కోప్పడనూ లేదు. సెల్లు తీశాడు.

"శివన్నా, నందికొట్కూరు. నెట్ సెంటర్ వెనక వీధి, ట్యాంకు పక్కిల్లు. మనోళ్ళు ఇప్పుడే పోవాల."

తర్వాత తేజేశ్వర్ భుజం తట్టాడు.

"పది కంప్యూటర్లూ నీవేలేప్పా."

సుబ్బయ్య కారెక్కి వెళ్ళిపోయాడు. తేజేశ్వర్ ఉబ్బితబ్బిబ్బయి వైర్లు చుట్టుకుంటూ తలెత్తాడు. నాగలక్ష్మమ్మ పటం కింద కూలబడి ఉంది.

"ఏమైందమ్మా? దొరికినారు కదా, ఇంకేం భయం?"

ఆమె అతని వైపు చూడలేదు.

"నచ్చినోణ్ని చేసుకుందని బతికున్న బిడ్డకు కర్మ చేసిన మనిషప్పా ఆయన; యాడుండాదో తెలీకనే నా శిల్ప ఇన్నాళ్ళు బతికుండాది."