చప్పుడు లేని బుల్లెట్టు

“ఇంటి ముందటికొచ్చి ఆగినా లోపలున్నోళ్లకు తెల్వొద్దు. గంత సన్నగ కావాలె చప్పుడు.”

ఓదెలు మాటకి మెకానిక్ జానీమియా చేతిలోని పానా కింద పెట్టి తలెత్తాడు.

“ఏంది ఓదెలు భాయ్! నిరుడు నువ్వే కద వరంగల్ పోయి గీ సైలెన్సర్ తెచ్చినవ్? మానుకోట మొత్తం ఇనవడాలె, గట్ల బిగియ్యమన్నవ్.”

“అప్పుడు గట్లన్న. ఇప్పుడొద్దంటున్న.”

నిజమే. పాత బుల్లెట్టుకి ఉన్న సైలెన్సర్ తుప్పుపట్టి రాలిపోతే, ముచ్చటపడి ఈ పొడుగు గొట్టం కొనుక్కొచ్చాడు ఓదెలు. రైస్‌మిల్లులో ఫిట్టరు పని ముగించుకుని బయలుదేరితే, రైల్వే గేటు దగ్గరుండగానే వీధి వీధంతా “ఓదెలు వస్తున్నడు” అనుకునేది. అప్పుడది గొప్పగా ఉండేది. ఇప్పుడు ఆ చప్పుడే తన కొంప ముంచుతోందని అతని అనుమానం.

పదిహేను రోజులుగా తిన్నది ఒంటబట్టడం లేదు.

పొద్దున తను మిల్లుకి వెళ్ళేటప్పుడు భార్య లీల జడ చిక్కులు పడి, రేగి ఉంటుంది. సాయంత్రం వచ్చేసరికి నున్నగా దువ్విన తల, జడ నిండా కనకాంబరాలు. తన కోసమేనని మొదట్లో మురిసిపోయాడు. ఒకరోజు నేల మీద సుద్దముక్కతో గీసిన పచ్చీసు గళ్ళు కనిపించాయి, సగం చెరిపేసి. అది ఒక్కరే ఆడే ఆట కాదు. ఇంకోరోజు కడిగి బోర్లించిన చాయ్ గ్లాసులు రెండు. మొన్నటికి మొన్న పక్కింటాయన పలకరించాడు.

“మధ్యాహ్నం పూట మీ ఇంట్ల ఒకటే నవ్వులు ఓదెలూ! సుట్టాలొచ్చిన్రా ఏంది?”

చుట్టాలెవరూ రాలేదు. తల్లి సాలమ్మ పొద్దున్నే కోడలితో పోట్లాడి, “దీని చేతి బువ్వ నాకొద్దు” అని రెండు వీధుల అవతలున్న చెల్లెలింటికి వెళ్ళిపోతుంది. పొద్దుగూకే వేళకి తిరిగొస్తుంది. తను బండి దిగేసరికి అత్తాకోడళ్ళు మళ్ళీ అరుచుకుంటూ ఉంటారు. మధ్యాహ్నం ఇంట్లో ఉండేది లీల ఒక్కతే.

అయినా, లీల నవ్వు విని ఎన్నాళ్ళయింది? తన ముందు ముభావంగా అన్నం పెట్టి పక్కకు తప్పుకునే మనిషి, ఎవరి ముందు అంతలా నవ్వుతోంది?

ఇంటికి ఎదురుగా రామ్మోహన్ రేడియో రిపేరు షాపు ఉంది. పెళ్ళికాని వాడు. పెద్ద కాలరు చొక్కా, నోట్లో ఎప్పుడూ ఈల. పన్నెండు నుంచి రెండింటిదాకా అతని షాపుకి తాళం ఉంటుందని తెలిసిన రోజు ఓదెలుకి కాళ్ళ కింద నేల కదిలింది.

పట్టుకోవడమెట్లా? ఒకరోజు బండి మిల్లులోనే వదిలి నడిచొచ్చి చూశాడు. “బండేది ఓదెలూ?” అని అడుగడుగునా కేకలేసి అడిగారు జనం. ఆ కేకలు లోపలికి వినపడవా? అందుకే జానీమియా దగ్గరికొచ్చాడు.

జానీమియా సైలెన్సర్ విప్పి చూశాడు. లోపలంతా బోలు. సన్న గొట్టానికి నిండా చిల్లులు పొడిచి, ఇనుప పీచు చుట్టి, లోపలికి దూర్చాడు. కదలకుండా అడ్డంగా బోల్టు బిగించాడు. ఇంజను దగ్గర పొగ చీదుతున్న అతుకుని కూడా గట్టిగా మూసేశాడు.

“దుబాయి ముచ్చట ఏమాయె?” అడిగాడు పని చేస్తూనే.

“పాస్‌పోర్టొచ్చి ఎనిమిది నెలలాయె. బొంబాయి ఏజెంటు రా రా అంటున్నడు. ఎట్ల పోవాలె జానీభాయ్? మా అవ్వకు, లీలకు నిమిషం పడది. ఇద్దర్ని ఒక్క ఇంట్ల ఇడిసిపెట్టి పోతే తలలు పలగ్గొట్టుకుంటరు.”

పైకి అన్నది అంతే. తను ఊళ్ళో ఉండగానే ఇట్లా ఉంటే, సముద్రం దాటాక ఇంకేం మిగులుతుందన్నది లోపలి మాట.

జానీమియా కిక్కు కొట్టాడు. బుల్లెట్టు దుప్పటి ముసుగులో దగ్గినట్టు గుడగుడమంది.

“పికప్పు జర తగ్గుతది.”

“తగ్గనియ్యి.”

మర్నాడు మధ్యాహ్నం కడుపునొప్పని చెప్పి మిల్లులోంచి బయటపడ్డాడు ఓదెలు. రైల్వే గేటు దాటాడు. వీధిలోకి తిరిగాడు. ఎవరూ తల తిప్పి చూడలేదు. రేడియో షాపుకి తాళం ఉంది.

ఇంటి ముందే బండి ఆపాడు. ఎవరూ బయటికి రాలేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల గవ్వలు గలగలమన్నాయి. ఆ వెంటనే లీల నవ్వు. పెళ్ళైన కొత్తలో నవ్వినట్టు, గొంతు విప్పి.

“నీ కాయను సంపిన! మళ్ల మొదటికెల్లి రావాలె నువ్వు!”

నువ్వు! ఓదెలు చెవులు వేడెక్కాయి. లోపల ఎవరో దగ్గి, గొంతు తగ్గించి ఏదో అన్నారు. లీల మళ్ళీ పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసే తను లీలని ఇష్టపడి చేసుకున్నాడు. దాన్ని ఎవడో కూర్చుని అనుభవిస్తున్నాడు.

బండి డబ్బాలోంచి పెద్ద పానా తీశాడు. ఇవ్వాళ వాడో, తనో. మెట్లెక్కి, తలుపు మీద చెయ్యి వేశాడు.

“గంత గట్టిగ నవ్వకు బిడ్డా,” అంటోంది లోపల అతని తల్లి సాలమ్మ, “మనకు పొత్తు కుదిరిందని తెలిస్తే తెల్లారే దుబాయి పోతడు వాడు, గేటు కాడ బండి చప్పుడు ఇనవడంగనే లేసి, నిన్నటి లెక్క మంచిగ తిట్టు నన్ను.”